ఎవరి పరిధిలోనూ లేని గుంట

ఆళ్లగడ్డ నుంచి నంద్యాలకు వచ్చే పెద్దరోడ్డు దిగి, గువ్వలకొట్టాల మీదుగా అడ్డదారి పడితే, తాళ్లదిన్నె చేరేలోపు ఒక వానగుంట తగులుతుంది. చీకటి పడ్డాక ఆ గట్టు మీదికి ఎవరూ పోరు. పాల వ్యాన్లవాళ్లు అయిదు కిలోమీటర్లు చుట్టు తిరిగైనా పోతారు గానీ, ఆ దారి తొక్కరు.

మామూలుగా ఒక చోటుకు చెడ్డపేరు రావాలంటే దానికి వయసుండాలి. తాతల కాలం నాటి బావో, తాళం తుప్పు పట్టిన ఇల్లో అయ్యుండాలి. ఈ గుంటకు నిండా ఆరేళ్లు లేవు. ఇంకో విచిత్రం — అందులో పడి చచ్చినవాళ్లు ఒక్కరూ లేరు. కాగితాల్లో లేరు, ఊరివాళ్ల నోట్లోనూ లేరు. చచ్చినవాళ్లు లేకుండానే దెయ్యం పుట్టిన చోటు ఈ చుట్టుపక్కల అదొక్కటే.

వానపడే రాత్రుల్లోనే కనబడుతుందంట. తెల్లగా... నడుము దాకా నీళ్లలో... తల ఉండాల్సిన చోట మొన తేలిన ముసుగు. ఇనుమును ఇనుముతో గీకినట్టు ఒక చప్పుడు — కర్ర్... కర్ర్... నడుమ నడుమ ఒక మూలుగు. ఒక దీపం వెలిగి ఆరుతుందంట, ఆరి వెలుగుతుందంట.

చూసినవాళ్లు ముగ్గురు. ఒకాయనకు వారం రోజులు జ్వరం. ఇంకొకాయన అక్కడ కొనుక్కున్న ప్లాటును అయినకాడికి అమ్మేసుకున్నాడు. మూడో ఆయన నిజానికి చూడలేదు గానీ, మొదటి ఇద్దరూ చెప్పింది విని ఆయనకూ జ్వరమొచ్చింది.

అసలు ఆ గుంట ఎందుకు తవ్వారంటే — అక్కడ ఒకప్పుడు వరిమళ్లు. నల్లరేగడి నేల. దాన్ని చదును చేసి స్వర్ణధార నగర్ అని లేఅవుట్ వేశారు. సిమెంటు రోడ్లు పోశారు. మడిలో పడ్డ వాన మడిలోనే ఇంకేది. సిమెంటు మీద పడ్డ వాన ఎక్కడికి పోతుంది? పల్లానికి. ఆ పల్లంలో తాళ్లదిన్నె దిగువ గేరి ఉంది, నలభై ఇళ్ల వీధి. పేరుకే దిన్నె, ఉండేది పల్లంలో. అందుకని వాననీళ్లన్నీ ముందు ఒక గుంటలో ఆగి, అడుగున ఉన్న తూము గుండా కొంచెం కొంచెంగా వంకలోకి పోయేట్టు చేయాలని రూలు. చేశారు. తూము నోట్లో చెత్త పడకుండా ఇనుప జాలీ బిగించారు. చుట్టూ కంచె వేశారు. లేఅవుట్ ఆసామి చివరి ప్లాటు కూడా అమ్ముకొని, 'ఇకమీదట ఈ గుంట మీదే' అని ఒక కాగితం రాసిచ్చి వెళ్లిపోయాడు. ఎవరిదో మాత్రం అందులో రాయలేదు.

గుంట సగం గువ్వలకొట్టాల పొలిమేరలో, సగం తాళ్లదిన్నె పొలిమేరలో పడింది. మండలాలు కూడా వేరు. నీళ్ల అంచున ఒక హద్దురాయి పాతి ఉంటుంది. వాన పడేది గువ్వలకొట్టాల దిక్కున, తూము ఉండేది తాళ్లదిన్నె దిక్కున.

గువ్వలకొట్టాల పంచాయతీ కార్యదర్శి పేరు మురళీధర్. నంద్యాలలో వాళ్ల నాయనది కిరాణా అంగడి. ముప్పై రెండేళ్ల మనిషి. పిరికివాడని చెప్పలేం, జాగ్రత్తపరుడు. ఏ కాగితాన్నీ తన బల్ల మీద ఒక రాత్రికి మించి నిద్ర చేయనివ్వడు. తెల్లారేసరికి జవాబు రాసి ఇంకొకరి బల్ల మీదికి పంపించేస్తాడు.

జాలీ మూసుకుపోయింది, గుంట నిండా జమ్ము మొలిచింది, వానొస్తే మా ఇళ్లు మునుగుతాయి — అని దిగువ గేరి వాళ్లు అర్జీ పెట్టుకున్నప్పుడు కూడా అట్లాగే చేశాడు. తూము ఉన్న ఊరివాళ్లను అడగమని రాశాడు. నీళ్లు పంపే ఊరివాళ్లను అడగమని తాళ్లదిన్నె నుంచి జవాబొచ్చింది. ఏడాదిన్నరలో ఇటు నుంచి పదకొండు లేఖలు పోయాయి, అటు నుంచి పదకొండు వచ్చాయి. గుంటలో జమ్ము మాత్రం మనిషెత్తు పెరిగింది.

తాళ్లదిన్నె జవాబులు రాసేది అక్కడి సచివాలయంలోని ఇంజనీరింగ్ అసిస్టెంట్. మనిషిని మురళీధర్ ఎప్పుడూ చూడలేదు. కింద వానపాము పాకినట్టు ఒక సంతకం ఉండేది, అంతే. జవాబుతో పాటు తన లేఖ నకలు కూడా తిరిగొచ్చేది. అందులో తను 'భాద్యత' అని రాసిన ప్రతిచోటా ఎర్ర పెన్నుతో సున్నా చుట్టి, పక్కన 'బాధ్యత' అని దిద్ది ఉండేది. ఆ ఎర్ర సున్నాలు చూసినప్పుడల్లా మురళీధర్‌కు ఒళ్లు మండేది. బట్టతల, పెన్షన్‌కు దగ్గరపడ్డ వయసు, పుల్లవిరుపు మాటలు — అట్లాంటి ఒక మొండిమనిషిని ఊహించుకున్నాడు.

ఫోన్ చేసుంటే అయిదు నిమిషాల్లో తేలిపోయేది. కానీ తేలిందంటే ఎవరో ఒకరి నెత్తిన పడుతుంది. అందుకని ఇద్దరూ ఫోన్ చేసుకోలేదు.

ఇట్లా ఉండగా దెయ్యం పేరు పుట్టింది. జాలీ గురించి వచ్చిన అర్జీలు నాలుగే. దెయ్యం గురించి ఇరవై వచ్చాయి. శాంతి చేయించమని ప్లాట్లవాళ్లు రాస్తే, మురళీధర్ దానికీ జవాబు పంపాడు: 'సదరు దెయ్యం కనిపించిన చోటు హద్దురాయికి తూర్పున, తాళ్లదిన్నె పరిధిలో ఉన్నందున...'

కార్తీకంలో వాయుగుండం పట్టింది. మూడు రోజులుగా ఒకటే ముసురు. ఆ సాయంత్రం మండలాఫీసులో వీడియో సమావేశం పెట్టారు. వానలకు ముందు తీసుకోవాల్సిన జాగ్రత్తల గురించి. వాన మొదలై మూడు రోజులైంది. రాత్రి ఎనిమిదిన్నరకు వదిలిపెట్టారు.

బండి తీస్తుంటే వాళ్లమ్మ కన్యకమ్మ ఫోన్ చేసింది.

"పెద్దరోడ్డునే రా నాయనా. ఆ గుంట దిక్కు పోవద్దు."

"అట్లనే మా."

పెద్దరోడ్డు మీద లారీ అడ్డం తిరిగి పడిపోయి ఉంది. పోలీసులు బండ్లన్నిటినీ ఊళ్లలోకి మళ్లిస్తున్నారు. గువ్వలకొట్టాల దాకా ముందూ వెనకా బండ్లున్నాయి. అక్కడి నుంచి ఒకటొకటే చుట్టుదారి పట్టాయి. చుట్టుదారిలో వంక పొంగిందని ఎవరో అన్నారు. మురళీధర్ ఒక్కడే గుంట దారిలోకి తిప్పాడు. రెండు నిమిషాల పని... కళ్లు మూసుకొని దాటేస్తే అయిపోతుంది అనుకున్నాడు.

గట్టు సగానికి వచ్చేసరికి బండి ముక్కింది. రేగడి బంక. చక్రానికి చుట్టుకొని, మడ్‌గార్డులో కూరుకుపోయి, చక్రాన్ని పట్టేసింది. ముందుకు పోదు. వెనక్కి రాదు.

పుల్ల తీసుకొని బంక గీకడానికి కూర్చున్నాడు. వాన సన్నబడింది. కప్పలు కూడా అరవడం లేదు.

కర్ర్...

చేతిలో పుల్ల ఆగిపోయింది.

కర్ర్... కర్ర్...

తల ఎత్తకూడదు అనుకున్నాడు. ఎత్తాడు. జమ్ము అవతల, నీళ్లలో... తెల్లగా. నడుము దాకా మునిగి, ముందుకూ వెనక్కూ ఊగుతోంది. తల ఉండాల్సిన చోట మొన. దాని పక్కన ఒక దీపం జమ్ము వెనక ఆరి, మళ్లీ వెలిగింది.

అంత భయంలోనూ మురళీధర్ కళ్లు హద్దురాయి కోసం వెతికాయి. అలవాటు. రాయి తల జానెడు నీళ్ల పైన కనబడింది. తెల్లటి ఆకారం రాయికి తూర్పున ఉంది... తాళ్లదిన్నె దిక్కున. ఎందుకో గుండెకు కొంచెం నిబ్బరం వచ్చింది. మన పరిధి కాదు.

అప్పుడే అది మూలిగింది. మూలిగి... రాయిని దాటి ఇటు వచ్చింది.

లేచి పరిగెత్తబోయాడు. బంకలో బూటు దిగబడింది.

"ఎవరదీ..."

మురళీధర్ బండి చాటున ముడుచుకున్నాడు.

"నిన్నే. ఆ బండి లైటు ఇట్ల తిప్పు."

దెయ్యాలు లైటు అడుగుతాయని ఎవరూ ఎప్పుడూ చెప్పలేదు. అతని చేతులు వాటంతటవే హ్యాండిల్‌ను తిప్పాయి.

వెలుగు పడింది. తెల్లని యూరియా గోతం... ఒక మూలను లోపలికి మడిచి, వానకు పొలంలో కప్పుకున్నట్టు తలమీదుగా కప్పుకున్నది. దాని కింద కళ్లద్దాలు, జారకుండా దారంతో వెనక్కి కట్టుకున్నవి. ఒక ఆడమనిషి. ముప్పై కూడా ఉండవు. చేతిలో ఇనుప కొక్కెం కట్టిన గెడ, పక్కన కంచెకు వేలాడదీసిన, వెలిగి ఆరే టార్చి.

"నువ్వు... మనిషివేనా?" గుసగుసగా అడిగాడు.

"కాదు," అందామె, కొక్కెం లాగుతూనే. "ఇంజనీరింగ్ అసిస్టెంట్ని."

భయం పోయిందని చెప్పలేం. రూపం మార్చుకుంది, అంతే. దెయ్యమైతే గుర్తుపట్టకపోవచ్చు. పేరు చెబితే ఈమె గుర్తుపడుతుంది.

"తాళ్లదిన్నెలో చేస్తాండా. ఫెబా అంటారు," అందామె. "నువ్వు యా ఊరన్నా?"

"నంద్యాల... అంగడి ఉండాది మాకు." అబద్ధం కాదు. నిజమూ కాదు.

"అంగడోళ్లకూ చేతులుంటాయి గదా. దిగన్నా. ఎవరో పరుపు పారేసినారు. తెచ్చి జాలీకి మూత పెట్టినట్టు అతుక్కోనుండాది. నా ఒక్కదాని వల్ల అయితల్లేదు."

మురళీధర్ కదల్లేదు. గువ్వలకొట్టాల కార్యదర్శి ఈ గుంటలో దిగాడని ఎవరైనా చూస్తే... పదకొండు లేఖలు ఏమవుతాయి? దిగడమంటే ఒప్పుకోవడమే. ఇంకోసారి హద్దురాయి వైపు చూశాడు.

రాయి లేదు.

ఇందాక జానెడు పైకి కనబడిన రాయి నీళ్ల కిందికి పోయింది.

"చూసినావా," అంది ఫెబా. గొంతు తగ్గించింది. "గట్టు అంచుకు రెండు వేళ్ల కిందికొచ్చినాయి నీళ్లు. ఇది రేగడి గట్టన్నా. ఒకసారి పొర్లిందంటే తెగదు, కరుగుతాది. ఆడ చూడు..."

ఆమె చూపించిన వైపు, గట్టు కింద, నలభై ఇళ్లు. కొన్నింట్లో లైట్లు వెలుగుతున్నాయి. పడుకోకుండా కూర్చున్నవాళ్ల లైట్లు.

"ఆ కొసనుండే ఇల్లు మాదే. బాడుగిల్లు. జూపాడు బంగ్లా నుంచి ఉద్యోగానికని మా అమ్మను తోడు తెచ్చుకున్నా. పోయినేడు మోకాటి లోతు నీళ్లొచ్చినాయి. పక్కింట్లో ఎనిమిది దినాల బాలింత. మంచంతో సహా మోసినారు. బిడ్డను చేటలో పెట్టుకోని..."

మళ్లీ కొక్కెం వేసింది.

చేటలో బిడ్డ. ఆ ఏడాది తను ఎన్నో లేఖ రాశాడో మురళీధర్‌కు గుర్తొచ్చింది. ఆరోది. బూట్లు విప్పాడు. మెడలో గుర్తింపు కార్డు తీసి, ఆమెకు కనబడకుండా బండి డబ్బాలో పెట్టాడు. దిగాడు.

నీళ్లు ఐసులాగా ఉన్నాయి. అడుగున బురద పాదాలను పట్టుకొని వదల్లేదు. ఫెబా తన నడుముకు కట్టుకున్న దండెం తాడు విప్పి అతనికి కట్టింది. రెండో కొస కంచె స్తంభానికి ఉంది.

"పరుపు వచ్చేటప్పుడు నీళ్లు ఒక్కసారిగా గుంజుతాయి. జాలీకి ఎదురుగా నిలబడొద్దు. పక్కనుంచి లాగాల."

లాగారు. రాలేదు. మళ్లీ లాగారు. తడిసిన దూది, మనిషంత బరువు. ముళ్లకంప, థర్మాకోల్ ముక్కలు, పెళ్లి భోజనాల ప్లేట్లు, ఎవరిదో చెప్పు... అన్నీ దానికి చుట్టుకొని ఉన్నాయి. లేఅవుట్ అంతా కలిసి ఆ జాలీకి చేరింది. ఫెబా మూలిగింది — చూసినవాళ్లు చెప్పిన మూలుగు అదే. మూడోసారి మురళీధర్ కూడా అట్లాగే మూలిగాడు.

వాన మళ్లీ జోరందుకుంది.

"నాతో పాటు అను. ఒకటి... రెండు..."

మూడు అనకముందే ఊడింది. ఊడడంతోనే అడుగున ఏదో నోరు తెరిచినట్టయింది. నీళ్లు అతని కాళ్లను పట్టి లాగాయి. పక్కనే నిలబడ్డాననుకున్నాడు, కానీ జారి జాలీ ఎదుటికే పోయాడు. కుడికాలు కమ్మీల మధ్య ఇరుక్కుంది. నీళ్లు గడ్డం దాకా... పెదవుల దాకా...

కేకేద్దామంటే నోట్లోకి నీళ్లు.

తాడు బిగిసింది. ఫెబా గట్టెక్కి, స్తంభానికి కాలు తన్నిపెట్టి లాగుతోంది. "కాలు తిప్పు... పక్కకు తిప్పన్నా... పైకి కాదు, పక్కకు..." తిప్పాడు. చర్మం ఊడొచ్చినట్టయింది. కాలు వచ్చింది. ఆమె అతన్ని చేపను లాగినట్టు గట్టు మీదికి లాగిపడేసింది.

గట్టు అవతల తూము గుండా నీళ్లు వంకలో పడే హోరు వినబడింది. మురళీధర్‌కు ఆ చప్పుడు వింటుంటే ఏడుపొచ్చినంత పనైంది.

ఫెబా గోతం తీసి పిండింది.

"ఆ గువ్వలకొట్టాలలో ఒక సెక్రటరీ ఉండాడన్నా," అంది, అలసటలో ఎవరితోనైనా చెప్పుకోవాలన్నట్టు. "ఆయన లేఖలు చూస్తే నవ్వాల్నో ఏడవాల్నో తెలీదు. బాధ్యత మాది కాదు, మాది కాదు అని రాస్తాడు. కాదనేదానికైనా ఆ మాట సరిగ్గా రాయాల గదా. 'బా'కు ఒత్తు పెడతాడు, 'ధ'కు తీసేస్తాడు."

"పదో లేఖలో సరిగ్గానే రాసినా గదా."

నోరు జారింది. జారాక తెలిసింది.

వాన పడుతూనే ఉంది. ఫెబా కళ్లద్దాలు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకుంది.

"...మీరా."

"నేనే."

చెంప మీద కొడుతుందేమో అనుకున్నాడు. కొట్టినా తప్పులేదనుకున్నాడు. ఆమె కొట్టలేదు.

"పదో దాంట్లో సరిగ్గానే రాసినారు," అంది. "పదకొండో దాంట్లో మళ్లీ తప్పు."

ఈసారి అతనే అడిగాడు. "మరి మీరు? పగలు 'మాది కాదు' అని సంతకం పెడతారు. రాత్రి వచ్చి..."

"మా పంచాయతీలో పెట్టమన్యారు, పెట్టినా. చెయ్యి పెట్టినావంటే మన మెడకు చుట్టుకుంటాది అన్యారు. పగలు వస్తే ఎవరో ఫోటో తీస్తారు. తీస్తే గుంట మాదైపోతాది. అందుకని రాత్రులు. మొదటిసారి ఒకాయన చూసి పడతా లేస్తా పరిగెత్తినాడు. పిలిచి చెప్దామనుకున్నా. మళ్లా అనిపించింది... దెయ్యానికి ఎవరి అనుమతీ అక్కర్లే గదా అని."

"పేరు బాగానే వచ్చింది."

"వచ్చింది. ఒకటే కష్టం. సాయానికి నలుగురిని పిలుద్దామంటే, అందరికీ ఈ గుంటంటే భయం."

ఇద్దరూ నవ్వారు. తర్వాత ఇద్దరూ కలిసి బండి చక్రానికి పట్టిన బంక గీకారు. మురళీధర్ ఇంటికి చేరేసరికి పదకొండు దాటింది. చొక్కా నిండా బురద, కాలి మీద రక్తం, జుట్టులో జమ్ము. కన్యకమ్మ దిష్టి తీసి, వేడినీళ్లు తోడింది.

మర్నాడు పొద్దున్నే ఆఫీసుకు పోయి, కాగితం ముందు పెట్టుకున్నాడు మురళీధర్. 'సదరు వానగుంట నిర్వహణ బాధ్యత గువ్వలకొట్టాల పంచాయతీదే' అని రాశాడు. ఆ ఒక్క మాట రాయడానికి ముందు రెండుసార్లు చిత్తుకాగితం మీద రాసి చూసుకున్నాడు. సర్పంచ్ చేత సంతకం పెట్టించి పై ఆఫీసుకు పంపించాడు. తీసుకున్న నిర్ణయం ఒంటికి ఎంత తేలిగ్గా ఉంటుందో అతనికి ఆ రోజు తెలిసింది. మధ్యాహ్నం రెండు చపాతీలు ఎక్కువ తిన్నాడు.

అతనికి తెలియని సంగతి ఏమిటంటే, అదే రోజు, అదే పూట, తాళ్లదిన్నె నుంచి కూడా ఒక లేఖ పోయింది. 'మాది కాదు' అని సంతకం పెట్టమన్నవాళ్లతో ఫెబా గంటసేపు వాదించిందంట. ఆ లేఖలో ఉన్నదీ అదే: 'సదరు వానగుంట నిర్వహణ బాధ్యత తాళ్లదిన్నె పంచాయతీదే.'

పై ఆఫీసులో రెండు లేఖలూ ఒకే బల్ల మీద పడ్డాయి. ఇన్నేళ్లుగా ఎవరిదీ కాని గుంట ఒక్కరోజులో ఇద్దరిదైంది. ఎవరిదీ కానప్పుడు ఆ బల్లకు ఇబ్బంది రాలేదు. ఇప్పుడొచ్చింది. పదిహేను రోజులకు ఇద్దరికీ ఒకే ఉత్తర్వు అందింది: 'ఒకే గుంట రెండు పంచాయతీలకు చెందుట నిబంధనలకు విరుద్ధం. సర్వే జరిపి అసలు హక్కుదారు ఎవరో తేల్చేవరకు, సదరు గుంటలో ఏ పంచాయతీ వారూ ఎటువంటి పనీ చేపట్టరాదు. ఎందుకు ఇట్లు రాసితిరో వారం లోపల సంజాయిషీ ఇవ్వవలెను.'

సంజాయిషీలు ఇచ్చారు. సర్వే ఇంకా జరగలేదు.

జమ్ము పెరుగుతూనే ఉంది, వానలూ వస్తూనే ఉన్నాయి. ఆ తర్వాతి వాయుగుండానికి తాళ్లదిన్నె దిగువ గేరిలోకి చుక్క నీరు రాలేదు. జాలీ శుభ్రంగా ఉంది. గట్టు మీద మాత్రం చెత్త కుప్పలు లేచాయి. ఆ రాత్రి దూరం నుంచి చూసిన పాల వ్యాన్ డ్రైవరు మర్నాడు టీ అంగట్లో చెప్పాడు — ఆడ దెయ్యం ఒకటి కాదప్పా, ఇప్పుడు రెండుండాయి. జతగా మూలుగుతాండాయి. ఒకటి ఆడది, ఇంకోటి మగది. మగదానికి పని కొత్తట్టుంది, శానా ఎక్కువ మూలుగుతాది.

ప్లాట్ల ధరలు ఇంకొంచెం పడ్డాయి.

ఆ రాత్రి పని అయ్యేసరికి తెల్లవారుజాము. ఇద్దరూ ఫెబా వాళ్లింటికి పోయారు. వాళ్లమ్మ హన్నమ్మ అరుగు మీదే కూర్చొని ఉంది. కూతురు గుంటకు పోయిన ప్రతి రాత్రీ ఆమె అట్లాగే కూర్చుంటుంది, గట్టుకేసి చూస్తూ. మెరుపు మెరిసినప్పుడల్లా ఆ తెల్ల గోతం కనబడితే, అది నిలబడే ఉందని చూసుకుంటే, ఆమెకు ఊపిరి.

తువ్వాళ్లు ఇచ్చింది. అల్లం వేసి టీ కాచి ఇచ్చింది. మురళీధర్ చలికి వణుకుతూ గ్లాసును రెండు చేతులతో పట్టుకున్నాడు.

"తాగు నాయనా. నువ్వు తోడుండావని ఈ రాత్రి నాకు కొంచెం ధైర్యం," అంది. ఆగి, "అది సరే గానీ... ఆ మూడో ఆయన్ను కూడా పిలుచుకోని రావల్సింది. పాపం, వానలో అంతసేపు."

"మూడో ఆయనెవరు మా?" అంది ఫెబా.

"గట్టు మీద నిలబడుకోనుండ్య గదా. మీ ఇద్దరికీ వెనకాల. నల్ల గొడుగేసుకోని. మీరు నీళ్లల్లో ఉన్నెంత సేపూ కదల్లేదు."

ఫెబా మురళీధర్ వైపు చూసింది. మురళీధర్ ఫెబా వైపు చూశాడు. గట్టు మీద ఎవరూ లేరు. ఇద్దరికీ తెలుసు.

"సాయం చేసినాడా?" అడిగింది ఫెబా.

"లే. ఊరికే నిలబడి చూసినాడు."

"పని చెయ్యకుండా నిలబడి చూసినాడంటే, పై ఆఫీసాయన ఎవరో అయ్యుంటాడు మా. వదిలెయ్."

మురళీధర్ నవ్వాడు. ఫెబా కూడా నవ్వింది. హన్నమ్మ నవ్వలేదు. చేతిలో ఖాళీ గిన్నె పట్టుకొని, గట్టు వైపు తిరిగి, కళ్లు చిట్లించుకొని కాసేపు చూసింది.

"నేనూ ఆఫీసాయనే అనుకున్యా," అంది మెల్లగా. "మళ్లా పెద్ద మెరుపు ఒకటి మెరిసింది గదా... అప్పుడు బాగా చూసినా. గొడుగైతే కనపడింది. దాని కింద మనిషి లేడు."